ఆర్‌ఎస్‌ఐ యాడ్-ఇన్: నా సిస్టంలో ఓకే, పక్కవాళ్ల సిస్టంలో గల్లంతు

పడమటిగాలి
నిఫ్టీ 50 షేర్లకి ఆర్‌ఎస్‌ఐ (ధర జోరుని 0-100 మధ్య చూపే సూచిక), ఈఎంఏ (కొత్త ధరలకి ఎక్కువ బరువిచ్చే సగటు), ఏటీఆర్ (ధర సగటు ఊగిసలాట) లెక్కగట్టే ఫంక్షన్లు ఎక్సెల్ మాక్రో భాష వీబీఏలో రాసి ఎక్స్‌ఎల్‌ఏఎం యాడ్-ఇన్‌గా (ఎక్సెల్‌కి తగిలించుకునే ఫంక్షన్ల ఫైల్) సేవ్ చేశాను. ఏ షీట్‌లోనైనా వాడుకోవచ్చన్నది ఉద్దేశం. ఇప్పుడున్న తలనొప్పులు ఇవీ:
షీట్ ఇంకొకరికి పంపితే ప్రతి ఫార్ములా ముందూ నా సీ డ్రైవ్ పాత్ మొత్తం వచ్చి కూర్చుంటోంది, విలువలు రావట్లేదు.
ఈఎంఏ20 అని పేరు పెట్టిన ఫంక్షన్ రిఫ్ ఎర్రర్ ఇస్తోంది. అదే కోడ్‌కి ఉత్త ఈఎంఏ అని పేరు పెడితే పనిచేస్తోంది. ఇదేం మాయో అర్థం కాలేదు.
ఆర్‌ఎస్‌ఐ చార్ట్ సైట్‌లో 61.8 ఉంటే నా షీట్‌లో 64.3.
పైగా 50 షేర్లు, 500 రోజులు పెడితే ఎంటర్ కొట్టి టీ తాగి రావచ్చు.

సెల్లు_సరస్వతి
మాయ ఏం లేదు. ఎక్సెల్ 2007 నుంచి కాలమ్స్ ఎక్స్‌ఎఫ్‌డీ దాకా ఉన్నాయి, మొత్తం 16,384. అంటే ఈఎంఏ అనే కాలమ్ నిజంగానే ఉంది, ఈఎంఏ20 అంటే దాని 20వ వరుసలో ఉన్న సెల్. ఎక్సెల్ దాన్ని ఫంక్షన్ అనుకోదు, సెల్ అడ్రస్ అనుకుంటుంది. ఆర్‌ఎస్‌ఐ14, ఏటీఆర్14, ఎస్‌ఎంఏ50 (50 రోజుల సాదా సగటు) అన్నిటిదీ ఇదే గతి. మూడు ఇంగ్లిష్ అక్షరాల పక్కన అంకె పెట్టొద్దు. ఎంఏసీడీ12కి నాలుగు అక్షరాలు కాబట్టి బతికిపోతుంది.
అంకె తీసేసి ఈఎంఏ అని ఒదిలేయడం కూడా వద్దు. ఇంకో యాడ్-ఇన్‌లో అదే పేరు ఉంటే కొట్టుకుంటాయి. ప్రతి పేరుకీ ముందు టీఏ_ లాంటి గుర్తు తగిలించండి: టీఏ_ఈఎంఏ, టీఏ_ఆర్‌ఎస్‌ఐ. సెల్‌లో ఈక్వల్ టు కొట్టి టీఏ అనగానే మీ ఫంక్షన్లన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. 20, 14 అన్నవి ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వాలి, పేరులో కాదు.

బుల్లిబాబు_బేర్
నా ఎస్‌ఎంఏ200 ఎప్పుడూ సపోర్ట్ ఇవ్వకపోవడానికి కారణం ఇదన్నమాట 😄

పడమటిగాలి
సరస్వతి గారూ, పేరు మార్చాను, పోయింది. ఇంత చిన్న విషయమా!

మాక్రో_మావయ్య
పాత్ సంగతి. యాడ్-ఇన్‌లోని ఫంక్షన్ వాడినప్పుడు వర్క్‌బుక్ ఆ యాడ్-ఇన్ పూర్తి చిరునామాని లోపల దాచుకుంటుంది. మీ దగ్గర అదే చోట ఉంటుంది కాబట్టి కనబడదు. అవతలివాళ్ల యూజర్ పేరు వేరు, ఫోల్డర్ వేరు, కాబట్టి ఎక్సెల్ దాన్ని బయటి ఫైల్‌కి లింక్ అనుకుంటుంది.
అప్పటికప్పుడు సరిచేయాలంటే: డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్ (కొత్త 365లో వర్క్‌బుక్ లింక్స్), అందులో చేంజ్ సోర్స్, వాళ్ల సిస్టంలోని ఎక్స్‌ఎల్‌ఏఎం చూపించాలి. లేదా కంట్రోల్ హెచ్ కొట్టి, ఆ పాత్‌ని ఆశ్చర్యార్థకం గుర్తు దాకా కాపీ చేసి, ఖాళీతో రీప్లేస్ చేయాలి.
మళ్లీ మళ్లీ రాకుండా ఉండాలంటే అందరి సిస్టంలోనూ ఒకే పాత్ పెట్టండి. యూజర్ ఫోల్డర్ కింద ఉండే యాడ్-ఇన్స్ ఫోల్డర్ వద్దు, దాంట్లో యూజర్ పేరు ఉంటుంది. సీ డ్రైవ్‌లో నేరుగా ట్రేడ్‌టూల్స్ అని ఫోల్డర్ చేసి అక్కడ పెట్టి, డెవలపర్ ట్యాబ్‌లో ఎక్సెల్ యాడ్-ఇన్స్, బ్రౌజ్, టిక్. పెన్‌డ్రైవ్ నుంచో నెట్‌వర్క్ నుంచో ఎంచుకుంటే యాడ్-ఇన్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేయమంటావా అని అడుగుతుంది, నో అనాలి. ఎస్ అంటే మళ్లీ మొదటికొస్తుంది.
పదిమందికి మించి పంచుతున్నారంటే కోడ్‌తోనే చేయించండి. యాడ్-ఇన్‌లో ఒక క్లాస్ మాడ్యూల్ పెట్టి అప్లికేషన్ ఈవెంట్లు పట్టుకోండి. ఏ వర్క్‌బుక్ తెరిచినా దాని లింక్ సోర్సులు చూసి, ఫైల్ పేరు మనదే అయ్యి పాత్ వేరైతే చేంజ్‌లింక్ చేసేయాలి. ఇరవై లైన్లు కూడా దాటదు.

ఓఐ_ఓబులేసు
మావయ్య గారు ఒకటి ఒదిలేశారు. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన ఎక్స్‌ఎల్‌ఏఎం మీద విండోస్ ఇంటర్నెట్ ముద్ర వేస్తుంది. 2022 నుంచి ఆ ముద్ర ఉన్న ఫైళ్లలో మాక్రోల్ని ఆఫీస్ డిఫాల్ట్‌గా ఆపేస్తోంది. టిక్ పెట్టినా ఉలుకూ పలుకూ ఉండదు, ఫంక్షన్ కొడితే నేమ్ ఎర్రర్. ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడుగున అన్‌బ్లాక్ టిక్. జిప్‌లో పంపితే విప్పకముందే జిప్‌ని అన్‌బ్లాక్ చేయాలి, లేకపోతే లోపలి ఫైళ్లకీ ముద్ర అంటుకుంటుంది. ట్రస్ట్ సెంటర్‌లో ఆ ట్రేడ్‌టూల్స్ ఫోల్డర్‌ని ట్రస్టెడ్ లొకేషన్‌గా పెట్టేస్తే ప్రతి కొత్త వెర్షన్‌కీ ఈ గోల ఉండదు.

సిగ్నల్_శాస్త్రి
ఆర్‌ఎస్‌ఐ తేడాకి వస్తాను. రెండు కారణాలు ఉంటాయి, సాధారణంగా రెండూ కలిసే ఉంటాయి.
ఒకటి, స్మూతింగ్. ఆర్‌ఎస్‌ఐ కనిపెట్టిన వైల్డర్ 1978లో ఇచ్చిన పద్ధతిలో నిన్నటి సగటుని 13తో హెచ్చించి, ఇవాళ్టి లాభం కలిపి, 14తో భాగిస్తాం. అంటే కొత్త రోజుకి బరువు 1/14. చాలామంది మామూలు ఈఎంఏ బరువు, అంటే 2/15, వాడేస్తారు. ఎంత తేడా వస్తుందో చూడండి. నిన్న సగటు లాభం 1.20, సగటు నష్టం 0.80 అనుకుందాం, ఆర్‌ఎస్‌ఐ 60. ఇవాళ షేరు 2.80 పెరిగింది.
వైల్డర్ లెక్క: లాభం (1.20 × 13 + 2.80) ÷ 14 = 1.3143, నష్టం 0.80 × 13 ÷ 14 = 0.7429. ఆర్‌ఎస్‌ఐ 63.89.
ఈఎంఏ లెక్క: లాభం 1.4133, నష్టం 0.6933. ఆర్‌ఎస్‌ఐ 67.09.
ఒక్క రోజులో 3 పాయింట్లు. 70 దగ్గర సిగ్నల్ పెట్టుకున్నవాడికి ఇది చిన్న తేడా కాదు.
రెండు, వెనక చరిత్ర. మొదటి సగటు 14 మార్పుల సాదా సగటు, దానికి 15 క్లోజింగ్ ధరలు కావాలి. ఆ మొదటి సగటు ప్రభావం రోజూ 13/14 వంతున కరుగుతుంది. 14 రోజుల తర్వాత కూడా ఇంకా 35 శాతం మిగిలే ఉంటుంది. 60 రోజులకి 1.2 శాతం, 100 రోజులకి 0.06 శాతం. నెల రోజుల డేటా వేసి చార్ట్‌తో పోల్చి కోడ్ తప్పని తల బాదుకునేవాళ్లు బోలెడు. కనీసం 100 రోజులు ముందు నడిపి ఆ తర్వాతే విలువ చూపించాలి. నా మట్టుకు 250 పెట్టమంటాను. అది లేనప్పుడు ఫంక్షన్ ఎన్‌ఏ (విలువ లేదనే ఎర్రర్) ఇవ్వాలి, తప్పుడు అంకె ఇవ్వకూడదు.

నిఫ్టీనాగు
శాస్త్రి గారూ, అంటే ఈఎంఏ ఫంక్షన్ ఒక్కటే రాసి రెండింటికీ వాడలేమా?

సిగ్నల్_శాస్త్రి
వాడొచ్చు. వైల్డర్ 14 అంటే ఈఎంఏ 27, ఎందుకంటే 2 ÷ (27+1) = 1/14. లోపల బరువుని ఆర్గ్యుమెంట్‌గా తీసుకునే ఒకే ప్రైవేట్ ఫంక్షన్ ఉంచి, పైన ఈఎంఏ, ఆర్‌ఎస్‌ఐ, ఏటీఆర్ దాన్ని పిలిచేలా చేయండి. మొదటి సగటు ఎన్ని రోజులది అన్నది విడిగా ఇవ్వాలి, 27 కాదు, 14.
ఇంకోటి. లాభాన్ని నష్టంతో భాగించి ఆ తర్వాత 100లోంచి తీసేసే పాత సూత్రం వద్దు. వరసగా అప్పర్ సర్క్యూట్లు (ఒక రోజుకి అనుమతించిన గరిష్ఠ పెరుగుదల) కొట్టే షేరులో నష్టం సున్నా అయితే జీరో డివిజన్. 100 × లాభం ÷ (లాభం + నష్టం) అని రాస్తే అక్కడ 100 వస్తుంది. రెండూ సున్నా అయితేనే ఇబ్బంది, అప్పుడు ఎన్‌ఏ.

కోడ్‌కోటయ్య
స్పీడ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. ప్రతి వరుసలోనూ ఫార్ములా పెట్టి, అది మొదటి రోజు నుంచి ఆ రోజు దాకా రేంజ్ చదివేలా రాసుంటారు. 500 వరుసలకి అది 1,25,250 సెల్ రీడింగులు. 50 షేర్లకి 62.6 లక్షలు. అదే ఒక షేరుకి ఒక ఫార్ములా పెట్టి, ఒకే పాస్‌లో మొత్తం 500 విలువలూ అర్రేగా (విలువల వరసగా) తిరిగిచ్చేలా చేస్తే మొత్తం 25,000.
అర్రేగా ఇస్తే కొత్త ఎక్సెల్‌లో దానంతటదే కిందికి పరుచుకుంటుంది. 2019, అంతకు ముందువాటిలో రేంజ్ సెలెక్ట్ చేసి కంట్రోల్ షిఫ్ట్ ఎంటర్ కొట్టాలి.
లోపల సెల్ సెల్‌గా తిరగొద్దు. రేంజ్ మొత్తాన్ని వాల్యూ2తో ఒకేసారి వేరియంట్‌లోకి లాగండి. ఉత్త వాల్యూ వాడితే కరెన్సీ ఫార్మాట్ ఉన్న సెల్స్ నాలుగు దశాంశాలకి తెగిపోతాయి, వాల్యూ2కి ఆ రోగం లేదు. రేంజ్‌లో ఒకే సెల్ ఉంటే అర్రే రాదు, ఉత్త అంకె వస్తుంది, అక్కడ టైప్ మిస్‌మ్యాచ్. ముందే చెక్ పెట్టుకోవాలి. ఎవరైనా కాలమ్ మొత్తం ఇస్తే 10,48,576 వరుసలు, యూజ్డ్ రేంజ్‌తో కోసేయండి.
వోలటైల్ అనే లైన్ ఎక్కడైనా ఉంటే తీసేయండి. అది ఉంటే ఎక్కడో మూల ఒక సెల్ మార్చినా మీ 50 షేర్లూ మళ్లీ లెక్కకట్టుకుంటాయి.

పడమటిగాలి
వోలటైల్ ఉంది. ప్రతి ఫంక్షన్‌లోనూ ఉంది. విలువలు అప్‌డేట్ కావట్లేదని పెట్టాను.

కోడ్‌కోటయ్య
అప్‌డేట్ కావట్లేదంటే ఫంక్షన్ లోపల వేరే షీట్‌లోని సెల్‌ని నేరుగా చదువుతోందన్నమాట. అది ఎక్సెల్‌కి తెలియదు. ఫంక్షన్‌కి కావలసిందంతా ఆర్గ్యుమెంట్‌గా రావాలి. అప్పుడు వోలటైల్ అవసరమే ఉండదు.

ఓఐ_ఓబులేసు
డేటా టైపులూ చూసుకోండి. వీబీఏలో ఇంటీజర్ 32,767 దగ్గర ఆగిపోతుంది. బ్యాంక్ నిఫ్టీ ఆ అంకె దాటి చాలా కాలమైంది, స్ట్రైక్ ధరని (ఆప్షన్ కాంట్రాక్టులో రాసుకున్న ధర) ఇంటీజర్‌లో పెడితే ఓవర్‌ఫ్లో. ఫంక్షన్‌లో ఓవర్‌ఫ్లో వస్తే మెసేజ్ కూడా రాదు, ఉత్త వాల్యూ ఎర్రర్. వరుసల లెక్కకి లాంగ్ చాలు. ఓబీవీ (రోజువారీ వాల్యూమ్‌ని కూడుతూ తీసేస్తూ పోయే సూచిక) లాంటి కూడికలకి లాంగ్ కూడా చాలదు, 214.7 కోట్లు దాటితే పగులుతుంది. తక్కువ ధర షేర్లలో ఓబీవీ ఆ మాత్రం సులువుగా దాటేస్తుంది. డబుల్ పెట్టేయండి.

లాంబ్డా_లావణ్య
ఇంత తతంగం ఎందుకండీ? మైక్రోసాఫ్ట్ 365లో లాంబ్డా (మాక్రో లేకుండా సొంత ఫంక్షన్ రాసుకునే సదుపాయం) ఉంది కదా. స్కాన్ ఫంక్షన్‌కి మొదటి ధర, ధరల రేంజ్ ఇచ్చి, పాత విలువకి (కొత్త ధర − పాత విలువ) × బరువు కలపమంటే ఈఎంఏ ఒక్క లైన్‌లో అయిపోతుంది. నేమ్ మేనేజర్‌లో పేరు పెట్టి సేవ్ చేస్తే సరి. మాక్రో లేదు, అన్‌బ్లాక్ లేదు, పాత్ లేదు. మ్యాక్‌లోనూ, బ్రౌజర్‌లోనూ నడుస్తుంది.

మాక్రో_మావయ్య
నడుస్తుంది తల్లీ, ఆ ఒక్క వర్క్‌బుక్‌లో. పేరు వర్క్‌బుక్‌లోనే ఉంటుంది కదా. 30 ఫైళ్లలో వాడాక ఫార్ములాలో తప్పు దొరికితే 30 చోట్ల దిద్దాలి. పడమటిగాలి అడిగింది ఒకచోట రాసి అన్నిచోట్లా వాడుకోవడం.

లాంబ్డా_లావణ్య
షీట్ కాపీ చేస్తే పేర్లూ వెంట వస్తాయి మావయ్య గారూ. అయినా ఈఎంఏ సూత్రంలో తప్పు ఎన్నిసార్లు దొరుకుతుంది? ఏళ్ల నుంచి అదే సూత్రం.

సిగ్నల్_శాస్త్రి
పైన ఒక్క ఆర్‌ఎస్‌ఐలోనే మొదటి సగటు, బరువు, జీరో డివిజన్, కనీస చరిత్ర అని నాలుగు దొరికాయి కదమ్మా. మీరు చెప్పిన స్కాన్‌లోనే చూడండి, మొదటి ధరతో మొదలవుతోంది. కొన్ని చార్టులు మొదటి 20 రోజుల సాదా సగటుతో మొదలుపెడతాయి. పైగా లాంబ్డా 365, 2024లో తప్ప లేదు, 2016, 2019 వాడేవాళ్లకి నేమ్ ఎర్రర్.

లాంబ్డా_లావణ్య
మొదటి విలువ సంగతి ఒప్పుకుంటా, అది ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే పోతుంది. మ్యాక్ సంగతి మాత్రం మీరెవరూ మాట్లాడలేదు.

మ్యాక్_మల్లేశం
మ్యాక్ నేను చెప్తా. ఎక్స్‌ఎల్‌ఏఎం మ్యాక్‌లో ఎక్కుతుంది, లెక్కలు బానే నడుస్తయి. కానీ స్క్రిప్టింగ్ డిక్షనరీ లేదు, యాక్టివ్‌ఎక్స్ లేదు, విన్‌హెచ్‌టీటీపీతో డౌన్‌లోడ్ కాదు. సింబల్ వెతకడానికి డిక్షనరీ వాడినోళ్లు కలెక్షన్‌కి మారాలె. డౌన్‌లోడ్ కోడ్ వేరే మాడ్యూల్‌ల పెట్టి కంపైల్ కండిషన్‌తోటి పక్కకి జరపాలె. లెక్కల మాడ్యూల్‌ల ఒక్క విండోస్ లైన్ కూడా ఉండొద్దు.

భావ్‌కాపీ_బాబాయి
అందరూ ఫార్ములా మీదే పడ్డారు. నన్నడిగితే ఫార్ములా రాయడం ఒక్క పూట పని. యాడ్-ఇన్ రెండేళ్లు బతకాలంటే డేటా వైపు గట్టిగా ఉండాలి.
ఎన్‌ఎస్‌ఈ భావ్‌కాపీనే (ఎక్స్ఛేంజ్ రోజూ ఇచ్చే ధరల ఫైల్) తీసుకోండి. 2024 జూలై 8 నుంచి యూడిఫ్ అనే కొత్త ఫార్మాట్‌కి మారింది. పాత ఫైల్‌లో ఆరో కాలమ్ క్లోజ్ అని నంబర్‌తో చదివిన కోడ్ అంతా ఆ రోజు కుప్పకూలింది. కొత్త కాలమ్ పేర్లు అచ్చుల్ని మింగేసినట్టు ఉంటాయి: TckrSymb, ClsPric అని. ఎప్పుడూ మొదటి వరుస చదివి, పేరుని బట్టి కాలమ్ స్థానం పట్టుకోండి. పేరు దొరక్కపోతే అక్కడే ఆగిపోయి ఏ కాలమ్ లేదో చెప్పాలి. గుడ్డిగా ముందుకెళ్తే క్లోజ్ బదులు ఓపెన్ మీద ఆర్‌ఎస్‌ఐ వస్తుంది, ఎవరూ గమనించరు కూడా.
సిరీస్ ఫిల్టర్. మామూలు షేర్ల సిరీస్ ఈక్యూ ఒక్కటే ఉంచితే, షేరు ట్రేడ్-టు-ట్రేడ్‌లోకి (డెలివరీ తప్పనిసరి అయ్యే విభాగం) వెళ్లి బీఈ అయిన రోజుల వరుసలు మాయమవుతాయి. మధ్యలో పదిహేను రోజులు లేకుండానే ఏటీఆర్ లెక్క అయిపోతుంది. ఈక్యూ, బీఈ రెండూ తీసుకోండి.
గుర్తింపు. సింబల్ మారుతుంది, జొమాటో 2025 ఏప్రిల్‌లో ఎటర్నల్ అయింది చూశాం కదా. సరే ఐసిన్‌తో (షేరు గుర్తింపు కోడ్) కలుపుదామంటే, స్ప్లిట్ (ఒక షేరుని చిన్న షేర్లుగా విడగొట్టడం) అయితే ముఖవిలువ మారి ఐసిన్ మారుతుంది. ఏ ఒక్కదాన్నీ నమ్ముకోలేం. పాతది, కొత్తది, తేదీ అని మూడు కాలమ్స్ టేబుల్ పెట్టుకోవాల్సిందే.
తేదీలు. యూడిఫ్‌లో ఏడాది ముందు ఉంటుంది, ఫర్వాలేదు. బ్రోకర్ ఇచ్చే ట్రేడ్‌బుక్ సీఎస్‌వీలతోనే చిక్కు. వీబీఏ నుంచి సీఎస్‌వీ తెరిస్తే కంట్రోల్ ప్యానెల్‌లో ఇండియా ఉన్నా సరే అమెరికా పద్ధతిలో చదువుతుంది. 05-07-2024 మే 7 అయిపోతుంది, 13-07-2024 మాత్రం టెక్స్ట్‌గా మిగిలిపోతుంది. తెరిచేటప్పుడు లోకల్ ట్రూ అని ఇవ్వాలి, లేదా టెక్స్ట్‌గా చదివి డేట్‌సీరియల్‌తో కట్టుకోవాలి.

బుల్లిబాబు_బేర్
బాబాయి గారి పోస్ట్ చదివాక ఎఫ్‌డీలో వేసుకోవడమే నయమనిపిస్తోంది

నిఫ్టీనాగు
ఇవన్నీ ఎందుకు బాబాయ్, బ్రోకర్ ఏపీఐలో (ప్రోగ్రాముతో డేటా తెచ్చుకునే దారి) అడ్జస్ట్ చేసిన చరిత్ర వస్తుంది కదా. బోనస్, స్ప్లిట్ గొడవే ఉండదు.

భావ్‌కాపీ_బాబాయి
ప్రతిసారీ మొత్తం చరిత్ర మళ్లీ దించుకుంటే గొడవ లేదు. కానీ అందరూ ఏం చేస్తారు? పాతది షీట్‌లో దాచుకుని రోజూ కొత్త వరుస ఒక్కటే అతికిస్తారు. బోనస్ వచ్చిన మర్నాడు బ్రోకర్ దగ్గర పాత చరిత్ర అంతా సగానికి దిగుతుంది, మీ షీట్‌లో దాచుకున్నది మాత్రం దిగదు. సగం అడ్జస్ట్ అయిన సిరీస్ తయారవుతుంది. అడ్జస్ట్ కాని దానికన్నా ఇది ప్రమాదం.
అందుకే ముడి ధరలు ఒక షీట్‌లో ఎప్పుడూ ముట్టుకోకుండా ఉంచి, ఫ్యాక్టర్ టేబుల్ (పాత ధరల్ని ఎంతతో హెచ్చించాలో చెప్పేది) పక్కన పెట్టి, యాడ్-ఇన్ ఫంక్షన్ రెండూ కలిపి ఇవ్వాలి. రిలయన్స్ తీసుకోండి. 2023 జూలై 20న జియో ఫైనాన్షియల్ విడిపోయింది (డీమెర్జర్). ముందురోజు క్లోజ్ 2,841.85, ప్రత్యేక ప్రీ-ఓపెన్‌లో తేలిన ధర 2,580. ఫ్యాక్టర్ 2,580 ÷ 2,841.85 = 0.9079. ఆ తర్వాత 2024 అక్టోబర్‌లో 1:1 బోనస్, ఫ్యాక్టర్ 0.5. కాబట్టి 2023 జూలై 20కి ముందు ధరలన్నిటినీ 0.4539తో, ఆ రోజు నుంచి బోనస్ దాకా 0.5తో హెచ్చించాలి. వాల్యూమ్ సంగతి వేరు. బోనస్‌కి ముందున్న వాల్యూమ్‌ని రెండింతలు చేయాలి, డీమెర్జర్‌కి మాత్రం ముట్టుకోకూడదు, షేర్ల సంఖ్య మారలేదు కదా. ధర ఫ్యాక్టర్, వాల్యూమ్ ఫ్యాక్టర్ రెండు కాలమ్స్ ఉండాలి. ఒకటే పెట్టి తలకిందులు చేసి వాడే షీట్లన్నీ ఇక్కడే తప్పుతాయి.

సెల్లు_సరస్వతి
ఈ డీమెర్జర్ వాల్యూమ్ పాయింట్ బావుంది, చాలామంది చూసుకోరు.

ఓఐ_ఓబులేసు
ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్లు) వాళ్లకి ఇంకా ఉంది. లాట్ సైజు (ఒక కాంట్రాక్టు పరిమాణం), గడువు రోజు, ఎస్‌టీటీ (లావాదేవీల పన్ను) కోడ్‌లో రాసేస్తే అయిపోయినట్టే. నిఫ్టీ లాట్ 2024 నవంబర్ 20 తర్వాత వచ్చిన కాంట్రాక్టులకి అప్పట్లో 25 నుంచి 75 అయింది. ఆప్షన్ల అమ్మకం మీద ఎస్‌టీటీ 2024 అక్టోబర్ 1న 0.0625 నుంచి 0.1 శాతానికి వెళ్లింది. నిఫ్టీ వారపు గడువు 2025 సెప్టెంబర్ నుంచి గురువారం పోయి మంగళవారం అయింది. వచ్చే గురువారం కనిపెట్టే ఫంక్షన్ రాసుకున్నవాళ్ల గ్రీక్స్ (ఆప్షన్ ధర దేనికి ఎంత కదులుతుందో చెప్పే లెక్కలు) అన్నీ రెండు రోజులు జరిగిపోయాయి.
గడువు, లాట్ రెండూ యూడిఫ్ ఎఫ్‌అండ్‌ఓ ఫైల్‌లోనే ఉంటాయి, అక్కణ్ణుంచే తీసుకోండి. పన్నులకి టేబుల్: ఏ తేదీ నుంచి, ఏ సెగ్మెంట్, కొనుగోలా అమ్మకమా, శాతం. ట్రేడ్ తేదీన గానీ, అంతకు ముందు గానీ మొదలైన చివరి వరుస వాడాలి. అప్పుడు పాత ట్రేడ్‌కి పాత రేటు, కొత్తదానికి కొత్త రేటు పడుతుంది. పాత వరుస మీద కొత్త రేటు దిద్దేస్తే నిరుటి లాభనష్టాలు మారిపోతాయి.

పడమటిగాలి
ఈ టేబుల్స్ యాడ్-ఇన్ లోపలి షీట్లలో పెట్టొచ్చా? ఎక్స్‌ఎల్‌ఏఎంలో షీట్లు దాగి ఉంటాయి కదా.

మాక్రో_మావయ్య
పెట్టొచ్చు, కానీ పెట్టొద్దు. మీరు కొత్త వెర్షన్ పంపగానే పాత ఫైల్ మీద పడుతుంది, వాళ్లు చేర్చుకున్న వరుసలన్నీ గోవిందా. టేబుల్స్ విడి ఫైల్‌గా అదే ఫోల్డర్‌లో ఉంచి, థిస్‌వర్క్‌బుక్ పాత్ నుంచి వెతికించండి. యాక్టివ్‌వర్క్‌బుక్ అని రాయకండి. యాడ్-ఇన్ కోడ్‌లో థిస్‌వర్క్‌బుక్ అంటే యాడ్-ఇన్, యాక్టివ్‌వర్క్‌బుక్ అంటే యూజర్ తెరిచిన షీట్. ఈ రెండూ తారుమారైతే మీ డేటా తెచ్చి యూజర్ షీట్‌లో కుమ్మరిస్తుంది, మాక్రో చేసిన పనికి అన్‌డూ కూడా ఉండదు.
లోపలి షీట్లు చూడాలంటే వీబీ ఎడిటర్‌లో థిస్‌వర్క్‌బుక్ ప్రాపర్టీస్‌లో ఈజ్‌యాడ్‌ఇన్‌ని ఫాల్స్ చేస్తే బయటికొస్తాయి. చూశాక మళ్లీ ట్రూ.
సేవ్ గురించి ఒక హెచ్చరిక. మామూలు వర్క్‌బుక్‌లా యాడ్-ఇన్ మూసేటప్పుడు సేవ్ చేయాలా అని ఎక్సెల్ అడగదు. ఎడిటర్‌లో యాడ్-ఇన్ ప్రాజెక్ట్ మీద నిలబడి కంట్రోల్ ఎస్ కొట్టకపోతే సాయంత్రం రాసిందంతా పోతుంది, చెప్పాపెట్టకుండా.
టీఏ_వెర్షన్ అని ఒక ఫంక్షన్ కూడా పెట్టండి, తేదీ తిరిగిస్తే చాలు. ఎవరైనా తప్పొచ్చిందని ఫోన్ చేస్తే ముందు అది అడగొచ్చు.

కృష్ణాతీరం_క్వాంట్
లైవ్ ధరలకి ఎన్‌ఎస్‌ఈ సైట్‌నే మాక్రోతో ప్రతి 5 సెకన్లకీ లాగితే పోలా? ఆప్షన్ చైన్ కూడా వస్తుంది.

కోడ్‌కోటయ్య
ఆ సైట్ ముందు కుకీ ఇస్తుంది, అది లేకుండా అడిగితే తలుపు తీయదు. కుకీతో అడిగినా గంటలో మీ ఐపీని ఆపేయొచ్చు. దాని మీద ఆధారపడి పంచే యాడ్-ఇన్ కట్టొద్దు. లైవ్ కావాలంటే బ్రోకర్ ఏపీఐ, ఆర్‌టీడీ (సెల్‌లోకి లైవ్ డేటా తెచ్చే ఎక్సెల్ ఫంక్షన్). రోజువారీ విలువలు చాలనుకుంటే 365లో స్టాక్‌హిస్టరీ ఉంది, మార్కెట్ నడుస్తుండగా ఇవాళ్టి వరుస మాత్రం ఇవ్వదు. గూగుల్ షీట్స్‌లో గూగుల్‌ఫైనాన్స్ 20 నిమిషాల దాకా ఆలస్యం. అక్కడ యాప్స్ స్క్రిప్ట్‌లో రాసిన కస్టమ్ ఫంక్షన్ 30 సెకన్లు దాటితే కోసేస్తుంది, 50 షేర్లు ఒకే ఫంక్షన్‌లో పెట్టొద్దు.
ఎక్కడ లాగినా మహీంద్రా దగ్గర చూసుకోండి. సింబల్‌లో అండ్ గుర్తు ఉంది, యూఆర్‌ఎల్‌లో దాన్ని %26గా మార్చకపోతే మొదటి అక్షరం వరకే వెళ్తుంది.

ఓఐ_ఓబులేసు
ధరలు చదవడం వరకే అయితే సరే. షీట్‌లోంచి ఆర్డర్లు కూడా పంపాలనుకుంటే సెబీ 2025 ఫిబ్రవరి సర్క్యులర్ చదువుకుని దిగండి. ఏపీఐ ఆర్డర్లకి స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) కావాలి, ఇంటి వైఫై సరిపోదు.

నిఫ్టీనాగు
50 కాదు, 2,000 షేర్లు స్కాన్ చేయాలి నాకు. వీబీఏ తట్టుకుంటుందా?

కోడ్‌కోటయ్య
ఎన్ని కోర్లున్నా వీబీఏ ఫంక్షన్లు ఒక్క థ్రెడ్ మీదే నడుస్తాయి. అక్కడికొచ్చాక ఎక్సెల్-డీఎన్‌ఏ చూడండి, ఉచితం, సీ షార్ప్‌లో రాసి ఎక్స్‌ఎల్‌ఎల్ యాడ్-ఇన్‌గా కట్టొచ్చు. థ్రెడ్‌సేఫ్ అని గుర్తు పెడితే అన్ని కోర్లూ వాడుకుంటుంది. 32 బిట్, 64 బిట్ ఆఫీస్‌లకి వేర్వేరు ఎక్స్‌ఎల్‌ఎల్ ఫైళ్లు, పంచేటప్పుడు రెండూ ఇవ్వాలి. విండోస్ 64 బిట్ అయినంత మాత్రాన ఆఫీస్ 64 బిట్ అని అనుకోవద్దు. అకౌంట్, అబౌట్ ఎక్సెల్‌లో చూడాలి.
కానీ ముందు అర్రే పద్ధతిలో వీబీఏనే నడిపి చూడండి. 2,000 షేర్లు × 250 రోజులు 5 లక్షల అంకెలు. ఫార్ములాలు 2,000 మాత్రమే అయితే వీబీఏ మోసేస్తుంది.

పడమటిగాలి
అర్రే పద్ధతికి మార్చాను, వోలటైల్ తీసేశాను, ఎంటర్ కొట్టగానే వస్తోంది. వైల్డర్ బరువు, 250 రోజుల చరిత్ర పెట్టాక ఆర్‌ఎస్‌ఐ తేడా 0.3కి దిగింది. కానీ ఆ 0.3 పోవట్లేదు. ఇంకోటి, ధరల్ని ఎక్సెల్ టేబుల్‌గా మార్చి అందులో టీఏ_ఆర్‌ఎస్‌ఐ పెడితే స్పిల్ ఎర్రర్.

భావ్‌కాపీ_బాబాయి
ఆ 0.3 మీ కోడ్‌ది కాకపోవచ్చు. భావ్‌కాపీలో క్లోజ్ వేరు, లాస్ట్ వేరు. క్లోజ్ అంటే చివరి అరగంట ట్రేడ్ల వాల్యూమ్ వెయిటెడ్ సగటు. కొన్ని చార్టులు చివరి ట్రేడ్ ధరనే క్లోజ్‌గా వేస్తాయి. లాస్ట్ ధర కాలమ్ ఇచ్చి ఒకసారి నడపండి, చార్ట్‌తో కలిసిందంటే కారణం అదే. ఆ తర్వాత ఏది వాడాలో మీ ఇష్టం, నేనైతే క్లోజ్. ఒకటి పట్టుకున్నాక మాత్రం మార్చొద్దు.

సెల్లు_సరస్వతి
స్పిల్ ఎర్రర్: టేబుల్ లోపల పరుచుకునే అర్రేలని ఎక్సెల్ ఒప్పుకోదు, ఎంత ఖాళీ ఉన్నా అంతే. ధరలు టేబుల్‌లోనే ఉంచండి, ఫార్ములాని టేబుల్ బయట, ఒక కాలమ్ ఖాళీ ఒదిలి, టేబుల్ మొదటి డేటా వరుసకి ఎదురుగా పెట్టండి. ఆర్గ్యుమెంట్‌గా టేబుల్ పేరు, క్లోజ్ కాలమ్ ఇస్తే రేపు కొత్త వరుస చేరగానే అర్రే కూడా ఒక సెల్ పెరుగుతుంది. టేబుల్‌ని ఫిల్టర్ చేస్తే పక్కనున్న వరుసలూ దాక్కుంటాయి, సార్ట్ చేస్తే తేదీల వరస చెడి ఆర్‌ఎస్‌ఐ మొత్తం మారిపోతుంది. తేదీ కాలమ్ కూడా ఆర్గ్యుమెంట్‌గా తీసుకుని, వరస పెరుగుతూ లేకపోతే వాల్యూ ఎర్రర్ ఇచ్చేలా ఒక చెక్ పెట్టుకోండి.

పడమటిగాలి
లాస్ట్ ధరతో కలిసింది, రెండో దశాంశం దాకా. తేదీ చెక్ ఇవాళ పెడతాను.